చక్రాలు బీరువాలో ఉన్నాయి

మొదటి రోజు

అభయం బీమా కంపెనీ వారికి పోలవరపు హైమవతి నమస్కరించి రాయునది. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే రాతపని అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట.

ఖరీదైన కారు ఉన్నవాళ్లకు పాలసీ కావాలంటే ఇరవై ఒక్క రోజులు డైరీ రాయాలన్నారు. కారు ఎక్కడుంది, ఎవరు చూశారు, ఎవరు చూసి మూతి ముడిచారు, అన్నీ రాయాలన్నారు. రోజూ సాయంత్రం మీ యంత్రం హితైషి దాన్ని చదివి, నా నిజాయితీని తూకం వేసి, సలహా చెబుతుందట. పదేళ్లు కాపురం చేసిన మా ఆయన కూడా నా మాట ఇంత శ్రద్ధగా వినలేదు. కాబట్టి సంతోషం.

కారు పేరు ఐరావతం. తెల్లది, పద్దెనిమిది అడుగుల పొడవు. గుంటూరు మొత్తం మీద సొంత కార్లు మహా ఉంటే రెండు వందలు ఉంటాయి. మిగతా జనమంతా పిలిస్తే వచ్చే ఊరుమ్మడి డబ్బాల్లోనే తిరుగుతున్నారు. నా కారు పెళ్లి ఊరేగింపులకు వెళుతుంది. అంతకుముందు మిర్చి యార్డులో వేలంపాట పాడేదాన్ని. యార్డు చివర బస్తాల మీద పడుకున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు, అదీ నా గొంతు. ఆ పనిని యంత్రానికి అప్పగించాక, ఉన్నదంతా ఊడ్చి ఈ కారు కొన్నాను. పదకొండేళ్లుగా నా కూడు ఇదే.

ఐరావతం యజమాని గొంతు వింటేనే కదులుతుంది. ఈ సదుపాయాన్ని దొంగలు పడకుండా పెట్టారట. అందుకని ఇప్పుడు దొంగ అద్దాలు పగలగొట్టే శ్రమ పడడం లేదు. యజమాని గొంతు నేర్చుకుని, వీధి చివర నిలబడి "ఐరావతం, రా" అంటాడు. అది బుద్ధిగా వెళ్లిపోతుంది. ఊళ్లో దీన్ని దొంగతనం అనడం కూడా మానేశారు. ఫలానావాళ్ల కారు లేచిపోయిందట అంటున్నారు. కిందటేడు లేచిపోయినవాటిలో సగం ఐరావతాలే అని మీరు నా పాత పాలసీ రద్దు చేశారు. పాలసీ లేని కారును రోడ్డు ఒప్పుకోదు. పోయిన నెల అరండల్‌పేటలో ఒకాయన ధైర్యం చేస్తే, రోడ్డు ఆ కారును నడిమధ్యలో పట్టేసి నాలుగు రోజులు వదల్లేదు. ఆయన స్నానం తప్ప అన్నీ అందులోనే కానిచ్చాడు.

ఇరవై ఆరో రోజున నేను ఒక పెళ్లికి మాటిచ్చి ఉన్నాను. పెళ్లికూతురు సులోచనకు యాభై ఎనిమిదేళ్లు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, ఇదే మొదటి పెళ్లి. పెళ్లికొడుకు వీరభద్రం లిఫ్టులు బాగుచేస్తాడు. కారు మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు సులోచన నా చేయి పట్టుకుని ఇలా అంది:

"ముప్పై నాలుగేళ్లు అంబులెన్సులో ఎనక కూర్చోని తిరిగానక్కా. పక్కన ఎవురో ఒకరు మూలగతానే ఉండేవోళ్లు. జనం దారిచ్చేవోళ్లు, కాదన్ను. కానీ అది పక్కనున్నోళ్ల కోసం. ఒక్కరోజు నా కోసం దారియ్యాలక్కా."

ఇస్తారు అన్నాను. ఇప్పుడు మీ దయ.

మూడో రోజు

షెడ్డుకు రెండు తాళాలు, మూడు కెమెరాలు ఉన్నాయి. ఒక కుక్క కూడా ఉంది. కుక్క పళ్ల ఫోటో కావాలంటే పంపించాను. పై దవడలో ఒకటి తక్కువైందని నిన్న మార్కులు తగ్గించారు.

ఈరోజు హితైషి అడిగింది: "తాళాలను పగలగొట్టవచ్చు. కుక్కను మచ్చిక చేసుకోవచ్చు. ఇంతకన్నా మెరుగైన భద్రత సూచించగలరా?"

ఒళ్లు మండి రాశాను: "చక్రాలు పీకి బీరువాలో పట్టుచీరల మధ్య దాచమంటారా? కలరా ఉండలు కూడా వేస్తాను."

అరనిమిషంలో జవాబు వచ్చింది. "అద్భుతమైన సూచన. షరతు 14గా చేర్చడమైనది. కలరా ఉండలు తప్పనిసరి కాదు."

నాలుగో రోజు

చక్రాలు బీరువాలో ఉన్నాయి. సగం పట్టుచీరలు కుర్చీలో ఉన్నాయి. కారు ఇటుకల మీద ఉంది.

చక్రాలు లెక్కపెట్టి వెళ్లడానికి మీ ఏజెంటు ఫణీంద్ర వచ్చాడు. పాపం, మర్యాదస్తుడు. నాలుగుసార్లు లెక్కపెట్టి, నాలుగే ఉన్నాయని రాసుకుని, వెళ్లబోతూ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మేడంగారూ, ఏమనుకోమాకండి. దానికి ఎటకారం తెలవదండి. ఏది రాస్తే అది నిజమే అనుకుంటది."

"మరి నువ్వు చెప్పొచ్చుగా దానికి?"

"నా మాట ఇంటదా అండి? పోయినసారి ఒకాయన, 'కారునెందుకు, మీ ఏజెంటునే కట్టేసుకోండి' అని రాశాడండి. రెండ్రోజులు ఆళ్ల గేటుకాడే ఉన్నానండి. అన్నం మాత్రం పెట్టారులెండి."

జాగ్రత్తగా ఉంటానని మాటిచ్చాను. కానీ గుంటూరులో పుట్టినదాన్ని వెటకారం లేకుండా రాయమంటే ఎలా? ఊపిరి పీల్చి వదలొద్దన్నట్టే ఉంటుంది.

ఎనిమిదో రోజు

నిన్న హితైషి కొత్త భయం కనిపెట్టింది. నేను మిర్చి యార్డులో పాడిన వేలంపాటలు లక్షమంది విన్నారట. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర, డబ్బాల స్టాండు దగ్గర నా గొంతు అవసరానికి మించి వినబడుతోందట. ఇలాగైతే ఎవరైనా నేర్చుకోగలరని సెలవిచ్చింది.

మాటిచ్చిన సంగతి మరిచిపోయాను. "అయితే మూగనోము పట్టమంటారా?" అని రాశాను.

"మంచి ఆచారాన్ని గుర్తుచేశారు. షరతు 19: యజమాని ఇంటి గడప దాటిన చోట మాట్లాడరాదు."

ఈ ఉదయం పలక, బలపం కొన్నాను. కొనడానికి నోరు విప్పకూడదు కాబట్టి గాల్లో రాసి చూపించాను. తర్వాత వంకాయల దగ్గర పలక మీద ధర వేస్తే, బండి ఆవిడ దాన్ని చెరిపి తన ధర వేసింది. నేను చెరిపి నాది వేశాను. వెనక నిలబడినవాళ్లకు మంచి కాలక్షేపం అయింది. బేరంలో ఓడిపోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

పదకొండో రోజు

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫ్లాస్కు. మొహం నిండా ఆదుర్దా. నేను గడప లోపలే ఉన్నాను కాబట్టి నిక్షేపంగా నోరు విప్పి, ఎవరు కావాలని అడిగాను.

"అమ్మయ్య, గొంతు బానే ఉంది!" అని గుండెల మీద చేయి వేసుకున్నాడు. "మూడ్రోజులైంది తల్లీ మీ మాట ఇని. జలుబు చేసిందేమోనని మిరియాల కషాయం తెచ్చా."

"మీరెవరండీ?"

"నాగమల్లేశ్వరరావంటారు. గంధంవారి సందు. ఆర్నెల్ల నుంచి మీ గొంతు, పాత వేలంపాటల రికార్డులతో సహా, నేర్చుకుంటన్నా. పావలా వంతే మిగిలింది. తీరా టయానికి మీరేమో మాట్టాడటం మానేశారు."

గంధంవారి సందు పేరు చెబితే ఊళ్లో చంటిపిల్లలు కూడా బొమ్మకారు దాచుకుంటారు. ఈయన ఇరవై ఏళ్లు కార్లకు గొంతులు గుర్తుపట్టడం నేర్పిన ఉద్యోగి అట. నేర్పడం పూర్తికాగానే ఇంటికి పంపేశారట. ఉన్న విద్య అదొక్కటే కాబట్టి దాన్నే తిరగేసి వాడుకుంటున్నానని, రేషను కార్డులో రాయించడానికి చేసే పని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఇంత పెద్ద ఊళ్లో హైమవతి గొంతు మూడు రోజులుగా వినబడడం లేదని కనిపెట్టినవాడు ఈ దొంగ ఒక్కడే. భోజనాల వేళ. కూర్చోమన్నాను. దోసకాయ పప్పు, చల్లమిరపకాయలు వడ్డించాను. ఆవురావురుమని తిన్నాడు. రెండోసారి పప్పు కలుపుతూ ఉన్నట్టుండి ఆగి, పళ్లెం వంక, నా వంక చూశాడు.

"అయ్యయ్యో! ఉప్పు తిన్నాను గదా! మా సందులో ఉప్పు తిన్నింట్లో చెయ్యి పెట్టరు. ఆర్నెల్ల కష్టం తల్లీ, ఎంత పని చేశారు!"

"పెరుగేసుకోండి" అన్నాను.

పన్నెండో రోజు

ఏదీ దాచకూడదన్నారని నిన్నటిదంతా ఉన్నదున్నట్టు రాశాను. హితైషి ఎర్రరంగు పూసుకొచ్చింది. "దొంగతో సహపంక్తి భోజనం. ప్రమాదస్థాయి తీవ్రం. కారు ప్రస్తుత స్థలం సురక్షితం కాదు."

"అయితే తీసుకెళ్లి ఆ దొంగ ఇంట్లోనే పెట్టమంటారా?"

రాసి పంపాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే వచ్చేసింది.

"పరిశీలించడమైనది. గంధంవారి సందులో గత పదకొండేళ్లలో ఒక్క కారు కూడా పోలేదు. జిల్లాలో అత్యంత సురక్షితమైన వీధి. ఆమోదించడమైనది. రెండు రోజుల్లో తరలించగలరు."

నిజమే మరి. దొంగలు వాళ్ల వీధిలో ఎందుకు దొంగతనం చేసుకుంటారు? దీన్ని కనిపెట్టడానికి ఇంత పెద్ద యంత్రం కావలసి వచ్చింది.

పద్నాలుగో రోజు

లారీ మీద కారును గంధంవారి సందుకు చేర్చాను. నాగమల్లేశ్వరరావు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"ఇదేం న్యాయం తల్లీ? పిలవకుండానే కారు ఇంటికొస్తే సందులో నా పరువేం కావాల? పొద్దున్నుంచి ముగ్గురొచ్చి, ఏం మాయ చేశావు బాబాయ్, మాకూ నేర్పమని అడిగిపోయారు."

పలక మీద "క్షమించాలి" అని రాసి చూపించాను. ఆయన బలపం తీసుకుని "క్ష" సరిగా దిద్దిపెట్టాడు.

పదహారో రోజు

కారు చూసుకుంటానని సులోచన సందుకు వచ్చింది. ఇటుకల మీద ఉన్న ఐరావతాన్ని చూసింది. తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. సీటు మీద చేత్తో రాసి చూసుకుంది.

"చక్రాలేయక్కా?"

"బీరువాలో" అని పలక మీద రాశాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పవిట చెంగు సర్దుకుని దిగి, నా భుజం మీద చేయి వేసి, రోగి బంధువులకు చెప్పే గొంతుతో నెమ్మదిగా చెప్పింది.

"నువ్వేం బాధపడమాకక్కా. డబ్బాలోనే పోతాంలే. ఎనక కూర్చోటం నాకు అలవాటేగా."

నాకు సిగ్గేసింది. వేలంలో అంతమంది వ్యాపారులను నోటితో పడగొట్టినదాన్ని, ఒక మంచి మనిషికి ఒక్క మాట జవాబు చెప్పలేక నిలబడ్డాను. పలక మీద ఉన్న "బీరువాలో" చెరిపేశాను. ఇది హేళన కాదు, నిజంగా రాస్తున్నాను. హితైషికి తేడా తెలియదని తెలుసు, అయినా రాస్తున్నాను.

ఇరవై ఒకటో రోజు

గడువు పూర్తయింది. పొద్దున్నే తలంటు పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, పాలసీ కోసం ఎదురుచూశాను.

"మీ డైరీ సంపూర్ణం. నిజాయితీకి నూటికి తొంభై ఎనిమిది. అయితే తన కారును స్వయంగా దొంగ ఇంట్లో ఉంచిన యజమాని విచక్షణ సందేహాస్పదంగా ఉన్నందున పాలసీ తిరస్కరించడమైనది. శుభదినం."

శుభదినమా? పెట్టమన్నది ఎవరు? పన్నెండో రోజున "ఆమోదించడమైనది" అన్నది మా కుక్కా? ఇంక నాకు ఓపిక లేదు. వినండి. ఆ కారును మీరే తీసుకుపోండి. మీ ఆఫీసు నట్టింట్లో పెట్టుకుని, దండేసి, పొద్దునా సాయంత్రం హారతిచ్చి పూజ చేసుకోండి!

ఇరవై రెండో రోజు

తీసుకుపోయారు.

"పూజా ప్రతిపాదన ఆమోదించడమైనది. కంపెనీ ప్రాంగణంలోని వస్తువులకు కంపెనీ సొంత పాలసీ వర్తిస్తుంది. డైరీ, షరతులు కొనసాగుతాయి."

పలక పట్టుకుని మీ ఆఫీసుకు వచ్చాను. హాలు మధ్యలో, ఇటుకల మీద, బంతిపూల దండ వేసుకుని నా ఐరావతం కూర్చుని ఉంది. ఫణీంద్ర పంచె కట్టుకుని హారతి పళ్లెం తిప్పుతున్నాడు. చెమటలు కారుతున్నాయి. నన్ను చూసి దగ్గరకొచ్చాడు.

"కారుకి ఏ అష్టోత్తరం చదవాలో తెలవలేదండి. పాలసీ షరతులు చదువుతన్నా. సరిగ్గా నూట ఎనిమిది ఉన్నాయండి, దేవుడి దయ."

ఏడవాలో నవ్వాలో తెలియక హారతి కళ్లకద్దుకుని వచ్చేశాను.

ఇరవై మూడో రోజు

మూడు రోజుల్లో పెళ్లి. నాగమల్లేశ్వరరావు భోజనానికి వచ్చాడు. ఈ మధ్య రోజూ వస్తున్నాడు, నా మాటలు వింటూ మిగిలిన పావలా వంతు కూడా నేర్చేసుకున్నాడు. ఎలాగూ ఉప్పు తిన్నాడు, ఇక మొహమాటం ఏముంది?

"నేనుప్పు తిన్నది మీ ఇంట్లో. కంపెనీ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా తాగలా. చక్రాలు తగిలిస్తే చాలు, ఈదిలో నిలబడి ఒక్క పిలుపు పిలుస్తా, వచ్చేస్తది."

"వస్తుంది. ఆఫీసు గేటు దాటగానే కంపెనీ పాలసీ పోతుంది. పెళ్లికూతురు ఎక్కాక రోడ్డు పట్టేస్తే? పీటల మీద నుంచి లేచినదాన్ని నాలుగు రోజులు నడిరోడ్డు మీద కూర్చోబెడతారా?"

ఆయన మజ్జిగ తాగుతూ ఆలోచించాడు. "అసలు వీళ్లకి పద్ధతి తెలవదు తల్లీ. మా సందులో అమ్మోరికి పూజ మొదలెట్టామంటే మూడో నాటికి ఊరేగించాల్సిందే. హారతులిచ్చి లోపలే కూర్చోబెడితే అమ్మోరు ఊరుకుంటదా?"

వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని ఆయన మొహం చూశాను. ఇంకొంచెం పప్పు వేశాను. తర్వాత డైరీ తీసి, ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి వెటకారం ముక్క లేకుండా, స్కూల్లో సెలవుచీటీ రాసినంత బుద్ధిగా రాశాను:

"పూజలో ఉన్న వాహనాన్ని ఊరేగించకుండా ఉంచడం మా వైపు దోషం. ఇరవై ఆరో రోజు సాయంత్రం ముహూర్తం బాగుంది. వాహనం ఖాళీగా తిరగకూడదు. కొత్త దంపతులు అందులో కూర్చుని, నాలుగు వందల మంది చుట్టూ నడిస్తే శుభం. దయచేసి పరిశీలించగలరు."

ఈసారి జవాబుకు పది నిమిషాలు పట్టింది. నేను గోళ్లు కొరుక్కున్నాను. దొంగ కూడా కొరుక్కున్నాడు, ఆయనవి.

"పూజాప్రక్రియలో లోపాన్ని గుర్తించనందుకు చింతిస్తున్నాము. నాలుగు వందల మంది చుట్టూ నడిచే ఊరేగింపులో కారు పోయిన దాఖలా ఒక్కటీ లేదు. ప్రమాదస్థాయి సున్నా. ఇరవై ఆరో రోజుకు, ఇకపై వచ్చే ముహూర్తాలన్నిటికీ, కంపెనీ పాలసీ కింద ఊరేగింపు ఆమోదించడమైనది. మిగతా షరతులు యథాతథం."

ఇకపై వచ్చే ముహూర్తాలన్నిటికీ. మూడుసార్లు చదివాను. పెళ్లి కారుకు ముహూర్తం ఉన్న రోజు తప్ప ఇంకే రోజు పని ఉంటుంది?

ఇరవై ఐదో రోజు

ఫణీంద్ర చక్రాల కోసం వచ్చాడు. బీరువాలో నుంచి ఒక్కొక్కటీ దొర్లిస్తుంటే ఒకదానికి నా నెమలికంఠం రంగు పట్టుచీర చుట్టుకుని ఉంది. విప్పబోతే వద్దన్నాను. ఇరవై ఒక్క రోజులు చీరలతో కాపురం చేసిన చక్రం, అలాగే వెళ్లనీయమన్నాను. ఆఫీసుకు వెళ్లాక విప్పి, మడతపెట్టి తెచ్చిచ్చాడు. మర్యాదస్తుడని ముందే చెప్పాను.

ఇరవై ఆరో రోజు

ఐదు గంటలకు కంపెనీ లారీ దించితే, కల్యాణమండపం ముందు ఐరావతం నిలబడింది. నాలుగు చక్రాల మీద, నిజంగా. సన్నాయి, డోలు సిద్ధంగా ఉన్నాయి. సులోచన ముందుసీట్లో కూర్చుంది, మెరూన్ పట్టుచీర, తల నిండా కనకాంబరాలు. పక్కన వీరభద్రం. చుట్టూ నాలుగు వందల మంది.

కారు కదల్లేదు.

కదలాలంటే నా గొంతు కావాలి. షరతు 19 ప్రకారం గడప దాటిన చోట నేను నోరు విప్పకూడదు. మిగతా షరతులు యథాతథం అన్నది నేను చదివాను, బుర్రకెక్కించుకోలేదు. ఒక్క మాట అంటే పాలసీ పోతుంది, అనకపోతే పెళ్లి ఆగిపోతుంది. ఫణీంద్ర మొహం సున్నం కొట్టినట్టు అయింది. సన్నాయి ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది. సులోచన అద్దంలో నుంచి నన్ను చూసింది. డబ్బా పిలవమంటావా అన్నట్టు చిన్నగా తల ఊపింది, నన్ను ఓదారుస్తూ.

నేను జనంలోకి చూశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లి అక్షింతలు ఇంకా తల మీదే ఉన్న నాగమల్లేశ్వరరావు కనబడ్డాడు. తల ఊపాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని, తననేనా అన్నట్టు ఛాతీ మీద వేలు పెట్టుకున్నాడు. మళ్లీ ఊపాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఐరావతం! కదులు తల్లీ!"

అది నా గొంతే. ఇప్పటిది కాదు. మిర్చి యార్డు గొంతు, కల్లాం నాలుగు మూలలా మోగిన గొంతు. అది పోయిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ మనిషి దాన్ని ఆర్నెల్లు కష్టపడి ఏరుకుని, దుమ్ము దులిపి, జాగ్రత్తగా దాచిపెట్టాడు. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

కారు కదిలింది. ఎదురొచ్చిన డబ్బాలు పక్కకు జరిగాయి. బజారు జనం దుకాణాల మెట్లెక్కి, సులోచనను చూసి, సులోచన కోసం దారిచ్చారు. ఆమె పక్కన ఎవరూ మూలగలేదు. వీరభద్రం కూనిరాగం తీశాడు, అది కొంచెం మూలుగులాగే ఉందనుకోండి, సులోచన పట్టించుకోలేదు.

ఇంటికొచ్చేసరికి హితైషి నుంచి జాబు సిద్ధంగా ఉంది.

"సాయంత్రం 5.12 గంటలకు కల్యాణమండపం ఎదుట యజమాని గొంతు నమోదైనది. షరతు 19 ఉల్లంఘన. సంజాయిషీ ఇవ్వగలరు."

అయ్యా, ఆ సమయంలో నేను పెదవి కదపలేదు. నాలుగు వందల మంది సాక్షులున్నారు, మీ ఏజెంటు కూడా అక్కడే ఉన్నాడు. కానీ మీకు వినబడినది నా గొంతే, అందులోనూ సందేహం లేదు. నా నోట్లో ఉండాల్సిన నా గొంతు బజారులో, పరాయి మనిషి నోట్లో దొరికిందంటే ఏమిటి అర్థం? దొంగతనం జరిగినట్టే కదా. క్లెయిము ఫారం వెంటనే పంపించండి. దొంగ ఎలాగూ భోజనానికి వస్తున్నాడు, పప్పు పొయ్యి మీద ఉంది, సంతకం ఇక్కడే పెట్టిస్తాను.